చుక్కమ్మ సైకిలెక్కింది

చుక్కమ్మకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గాని, జీతాలిచ్చే రోజున లాండ్రీలో తప్ప అది ఎవరికీ అవసరం పడదు. వీధిలో అందరికీ ఆమె చుక్కమ్మే. బిందె నిండగానే కుళాయి బిగించి, దాని మూతికి వేలాడే ఆఖరి చుక్కను కూడా అరచేత్తో పట్టి, పక్కనున్న మొక్క మొదట్లో విదిలించి గాని ఇంటికి పోదు. ఒకసారి అది చూసి ఎదురింటి పిన్నిగారు, "చుక్క కూడా వదలవు గదే తల్లీ, నిన్ను చుక్కమ్మ అనాలి" అన్నది. అన్న మనిషి మరిచిపోయింది గాని విన్నవాళ్ళు మరిచిపోలేదు.

ఆమె పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లు, లాడ్జీల తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీలో. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక విడత బట్టలు ఆఖరున జాడించిన నీళ్ళు తేటగానే ఉంటాయి కాబట్టి, వాటిని పారబోయకుండా తర్వాతి విడత నానబెట్టడానికి వాడతారు. చుక్కమ్మ ఆ పద్ధతిని ఇంటికి తెచ్చి, లాండ్రీ కంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. బట్టలు జాడించిన నీళ్ళు మర్నాటి బట్టలు నానడానికి, నానిన నీళ్ళు మెట్లు కడగడానికి. కూరగాయలు కడిగిన నీళ్ళు డాబామీద తొట్లకు. ఆ ఇంట్లో నీళ్ళు కూడా ఒక ఉద్యోగం అయ్యాక ఇంకో ఉద్యోగం చేసి గాని రిటైరు కావని వాళ్ళాయన అంటుంటాడు.

వాళ్ళాయన మేస్త్రీ. అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు. వీధి మలుపులో చిన్న బడ్డీ పెట్టుకుని ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేస్తాడు. పొడుగాటి మనిషి, మాట పొదుపు. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో ఖర్చు కానివాటిలో మాటలు కూడా ఒకటి, చుక్కమ్మ మాట్లాడేవి మినహాయిస్తే.

వంట సంగతి చెబితే నవ్వుతారు. కుండ పొయ్యిమీద సగం ఉడకగానే దించేసి, పాత దుప్పట్లు కుక్కిన చెక్కపెట్టెలో పెట్టి, పైన ఇంకో దుప్పటి కప్పి మూత వేస్తుంది. ఆమె పనికి వెళ్ళి వచ్చేసరికి గింజలు వాటి వేడికి అవే మెత్తగా ఉడికి ఉంటాయి. దుప్పట్లకు కొదవ లేదు. లాండ్రీలో చిరిగినవాటిని పాత గుడ్డల వాళ్ళకు తూకానికి అమ్మేస్తారు, పనివాళ్ళడిగితే ఊరికే ఇస్తారు. అలా వచ్చిన దుప్పటి మొదట కిటికీ తెర అవుతుంది, తర్వాత దిండు గలేబు, తర్వాత చేతిసంచి, తర్వాత మసిగుడ్డ. ఆ ఇంట్లో దుప్పటికి చావు అంత తేలిగ్గా రాదు.

అలాగని పిసినారి అనడానికి వీల్లేదు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు వెళ్ళి తల నిమిరేది ఆమే. పక్కింటి పసివాడికి మెత్తని పాత బట్ట కావాలంటే వెతికి, ఉతికి, ఇస్త్రీ చేసి మరీ ఇస్తుంది. ఇవ్వడానికి చెయ్యి వస్తుంది, పారెయ్యడానికే రాదు.

వాళ్ళకు ఒక్కతే అమ్మాయి. నర్సు ట్రైనింగు చదువుతున్నది, ఇంకొక్క ఏడాది మిగిలింది. ఒకరోజు క్లాసు నుంచి వచ్చి సంచి కింద పెడుతూనే, "అమ్మా, ఇవాళ మా మేడమ్ నీ గురించే చెప్పిందే" అన్నది.

చుక్కమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. "నా గురించా? నేనేం చేశాను?"

"నీళ్ళు మళ్ళీ వాడేవాళ్ళు, బట్టలు పారెయ్యనివాళ్ళు, నడిచి పనికి పోయేవాళ్ళు ఈ భూమిని కాపాడుతున్నారంట."

"నా పేరు చెప్పిందా?"

"పేరు చెప్పలేదులే."

"ఇంకేం. భూమిని కాపాడే తీరిక నాకెక్కడిదే. ఫీజు కట్టాలి గదా అని చూసుకుంటున్నాను. నీ సాక్సులు విప్పి అక్కడ పడెయ్యకు, బకెట్లో వెయ్యి."

భూమి సంగతేమో గాని, ఆ ఫీజు మాత్రం చుక్కమ్మ జీతంతోనే కట్టేవాళ్ళు. మేస్త్రీ సంపాదన ఇంటద్దెకూ తిండికీ సరిపోయేది. లాండ్రీ ఇంటికి దగ్గర కావడంతో ఆమె నడిచే వెళ్ళేది. రావడానికీ పోవడానికీ పైసా ఖర్చు లేదు.

ఇక మేస్త్రీ సైకిలు గురించి చెప్పుకోవాలి. కూతురు చిన్న క్లాసుల్లో ఉన్నప్పుడు ఎవరో ఒట్టి సైకిలు ఫ్రేము ఒకటి బడ్డీ ముందు వదిలిపోయారు. తిరిగి రాలేదు. దాన్ని చూడగానే మేస్త్రీకి అమ్మాయికి సైకిలు చేసిపెట్టాలని బుద్ధి పుట్టింది. కొత్త సామాను కొననని పంతం పట్టాడు. పాత ఇనుము వాళ్ళ దగ్గర ఒక చక్రం దొరికింది. రెండో చక్రానికి చాలా కాలం పట్టింది. చైను వచ్చేసరికి అమ్మాయికి జడ నడుము దాకా వచ్చింది. పెడళ్ళు దొరికేసరికి అమ్మాయి స్కూలు అయిపోయింది. చివరికి ముందు చక్రం ఎర్రగా, వెనక చక్రం నల్లగా, ఫ్రేము ఆకుపచ్చగా సైకిలు తయారైంది. మేస్త్రీ దాన్ని తుడిచి, మెట్ల కింద నిలబెట్టి, "ఎక్కు తల్లీ" అన్నాడు.

అమ్మాయి తండ్రి పోలిక. తాడిలా పెరిగింది. ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిలుకు తగిలి ఠంగుమన్నాయి.

"నాన్నా, ఇది నాలుగో క్లాసులో ఉన్నప్పటి నాకు చేశావు."

మేస్త్రీ సైకిలును, కూతుర్ని మార్చి మార్చి చూశాడు. "ఇంత పెరుగుతావని ఎవరనుకున్నారు."

"రోజూ నీ కళ్ళముందే పెరిగాను గదా నాన్నా, నీకు తెలియకుండా దాక్కుని పెరగలేదు."

సీటు పైకి లేపుదామంటే దాని రాడ్డు తుప్పుకు ఫ్రేములో బిగుసుకుపోయింది. నూనె పోశాడు, వేడి చేశాడు, సుత్తితో కొట్టాడు. పైకీ రాలేదు, కిందికీ పోలేదు. అప్పటినుంచి ఆ సైకిలు డాబామీద దుప్పట్లు ఆరేసుకునే దండెమైంది. మేస్త్రీ దాని సంగతి ఎత్తేవాడు కాదు. కాని వాన పడితే అందరికంటే ముందు లేచి దానిమీద పట్టా కప్పి వచ్చేవాడు.

ఇలా రోజులు వెళ్ళిపోతుంటే ఒకనాడు లాండ్రీ సూపర్‌వైజరు పనివాళ్ళందర్నీ పిలిచి చల్లగా ఒక మాట చెప్పాడు. ఉన్న షెడ్డు పడగొట్టేస్తున్నారట. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి లాండ్రీ రైలు గేటుకు అవతల, ఊరి చివరికి పోతున్నదట. "రాగలిగినవాళ్ళు రండి. రాలేనివాళ్ళకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపించేస్తాం. ఒక్కటే సంగతి, మొదటి షిఫ్టు తెల్లవారకముందే మొదలవ్వాలి. ఆసుపత్రి దుప్పట్లు ఆలస్యమైతే ఊరుకోరు."

చుక్కమ్మది మొదటి షిఫ్టే.

తెల్లవారకముందు బస్సు లేదు. నడుద్దామా అని ఒక ఆదివారం నడిచి చూసింది. చేరేసరికి కాళ్ళు తనవి కాకుండా పోయాయి. ఆ లెక్కన పనికి నడిచిపోవాలంటే ఇంట్లో పడుకోవడం మానెయ్యాలి. ఆటో మాట్లాడుకుంటే జీతంలో సగం వాడికే. మేస్త్రీ వాయిదాల మీద స్కూటరు తీసుకుందామన్నాడు.

"దానికి వాయిదా, దానికి పెట్రోలు, దానికి రిపేరు. నేను స్కూటరును పోషించడానికి పనికి పోవాలా, స్కూటరు నన్ను పనికి తీసుకుపోవాలా?" అన్నది చుక్కమ్మ.

ఆ మాటలన్నీ పక్కగదిలోంచి అమ్మాయి వింది. మర్నాడు తల్లి పక్కన కూర్చుని గింజలు ఏరుతూ, నేలచూపులు చూస్తూ అన్నది. "అమ్మా, ఈ ఏడాది ట్రైనింగు ఆపేస్తానే. మా ఫ్రెండు వాళ్ళక్క బట్టల షాపులో మనుషులు కావాలంటున్నారంట. తర్వాతెప్పుడైనా చదువుకోవచ్చు."

చుక్కమ్మ ఏమీ అనలేదు. అందుకే ఇల్లంతటికీ భయమేసింది. ఆమె నోరు మూసుకున్న రోజు ఆ ఇంట్లో అంతకుముందు లేదు. గింజల్లో రాయి తీసి పక్కన పెట్టింది, ఇంకో రాయి తీసి పక్కన పెట్టింది. చివరికి, "ఇన్నేళ్ళుగా చుక్కచుక్కా పట్టుకొచ్చిన బిందెను నీ చేత్తోనే వంపుతానంటావా?" అని లేచి డాబామీదికి వెళ్ళిపోయింది.

వెనకాలే అమ్మాయి వెళ్ళింది. తల్లి ముఖం చూడలేక ఆరిన దుప్పట్లు తీయడం మొదలుపెట్టింది. సైకిలుమీది దుప్పటి లాగాక, కింద ఆకుపచ్చ ఫ్రేము బయటపడింది. అమ్మాయి కాసేపు దాన్ని చూసింది. తర్వాత తల్లిని పైనుంచి కిందికి చూసింది. చుక్కమ్మ పొట్టి మనిషి.

"అమ్మా, ఒక్కసారి దీనిమీద కూర్చో."

"నేనా? మతిగాని పోయిందా?"

"నేను పట్టుకుంటానులే. కూర్చో."

కూర్చున్నది. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. చేతులు హ్యాండిలుమీదికి వాటంగా వెళ్ళాయి. పాదాలు మాత్రం నేలకు జానెడు పైన వేలాడుతున్నాయి, అంతే. కిందినుంచి మెట్లెక్కి వస్తున్న మేస్త్రీ అది చూసి అక్కడే నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ ఆ సైకిలు ఎవరి కోసం చేశాడో ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది.

మర్నాటి నుంచి తెల్లవారుతుండగా స్కూలు మైదానంలో పాఠాలు మొదలయ్యాయి. అమ్మాయి చిన్నప్పుడు స్నేహితురాళ్ళ సైకిళ్ళ మీద నేర్చుకున్నది కాబట్టి ఆమే గురువు. లాండ్రీవాళ్ళిచ్చిన యూనిఫాం ప్యాంటు, చొక్కా వేసుకుని చుక్కమ్మ సీటెక్కితే, అమ్మాయి వెనక పట్టుకుని పరుగెత్తేది.

"ముందు చూడమ్మా. చక్రం వంక కాదు."

"చక్రం ఉన్నదో ఊడిందో చూసుకోవద్దూ? మీ నాన్న బిగించింది."

మేస్త్రీ మైదానం అంచున చేతులు కట్టుకుని నిలబడేవాడు. "బ్యాలెన్సు చూసుకోవాలి" అనేవాడు అప్పుడప్పుడు.

"అయితే మీరొకసారి ఎక్కి చూపించండి" అన్నది చుక్కమ్మ, కిందపడ్డ చోటినుంచి లేవకుండానే.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, మేస్త్రీకి సైకిలు తొక్కడం రాదు. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ ఎక్కలేదు. "చెయ్యడం నా పని. ఎక్కడం మీ పని" అన్నాడు గంభీరంగా. తల్లీకూతుళ్ళు ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

ఎదురింటి పిన్నిగారికి వార్త అందింది. పాల కోసమని బయల్దేరి, పాల కొట్టుకు పూర్తిగా ఎడంగా ఉన్న మైదానం దారి పట్టింది.

"ఏమే చుక్కమ్మా, ఈ వయసులో సైకిలేమిటే? బొమిక విరిగిందంటే నువ్వు దాచిందంతా కట్టు కట్టేవాడి గల్లాపెట్టెలోకి పోతుంది."

"పోనీలెండి పిన్నిగారూ, ఇంట్లోనే నర్సుంది."

"ఇంకా కాలేదుగా."

"అవడానికే గదా పిన్నిగారూ ఈ తిప్పలు" అన్నది చుక్కమ్మ, మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటూ.

పిన్నిగారు ఆ తర్వాత వెక్కిరించలేదు. మర్నాడు కూడా వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పాలగిన్నె పట్టుకుని గట్టుమీద కూర్చుని, చుక్కమ్మ పడినప్పుడల్లా "అయ్యో" అనీ, పడనప్పుడల్లా "ఆఁ" అనీ, మైదానం తన సొంతమైనట్టు చూసుకునేది.

ఒళ్ళు హూనమైంది గాని, చుక్కమ్మకు సైకిలు వచ్చింది. ఒకరోజు సగం మైదానం దాటాక వెనక్కి చూస్తే అమ్మాయి ఎక్కడో దూరంగా నిలబడి చప్పట్లు కొడుతున్నది. అప్పటినుంచి చుక్కమ్మ తిన్నగా తొక్కేది, మలుపు తిరిగేది, బ్రేకు వేసి ఒక పక్కకు ఒరిగి గభాలున దూకేది. అది దిగడం అంటే దిగడమే, కాదంటే పడడమే. ఎలాగైతేనేం, రెండు కాళ్ళ మీద నిలబడేది.

ఒక్కటే చేతకాలేదు. నేలమీంచి ఎక్కడం. పాదం అందదు కదా, ఒక కాలు పెడలుమీద పెట్టి ఇంకో కాలితో నెట్టి ఎగరాలి. ఎగిరే సమయానికి భయంతో చేతులు బిగుసుకుపోయేవి. మైదానం అంచున సిమెంటు గట్టుందా, దానిమీద కాలు ఆనించి ఎక్కితే మాత్రం రాణిలా సాగిపోయేది. గట్టు లేకపోతే కథ కంచికే.

"దారి పొడుగునా ఫుట్‌పాత్ అన్నది లేదు గదే. అంతా మట్టి అంచే. ఎలా?" అన్నది చుక్కమ్మ, సోమవారానికి ఇక ఒక్కరోజే మిగిలిన శనివారం నాడు.

"ఇంటి మెట్టుమీద ఎక్కు. లాండ్రీలో దిగు. మధ్యలో ఎక్కడా దిగకు."

"కూడలిలో ఎర్రలైటు పడితే?"

"ఆ టైముకు ఎవరుంటారమ్మా."

"దారిలో వంతెనమీదికి తొక్కలేను గదా, దిగి నెట్టుకుపోవాలి. పైకెళ్ళాక? రైలు గేటు వేసి ఉంటే?"

మేస్త్రీ గోడకానుకుని ఏదో స్విచ్చులో స్క్రూ తిప్పుతున్నాడు. తిప్పిందే తిప్పుతున్నాడు.

ఆదివారం పొద్దుగూకే వేళకు ఆయన చొక్కానిండా మట్టితో, మోచేయి గీరుకుపోయి ఇంటికి వచ్చాడు. ఎక్కడికెళ్ళారంటే ఎవరింట్లోనో ఫ్యాను చూడ్డానికి వెళ్ళానన్నాడు.

"ఫ్యానును పాతిపెట్టారా తవ్వి తీశారా? ఈ చొక్కా మట్టి వదలాలంటే బకెట్టు నీళ్ళు కావాలి" అని చుక్కమ్మ విసుక్కున్నది. ఆయన చొక్కా విప్పి బుద్ధిగా బకెట్టులో వేశాడు.

సోమవారం ఇంకా చీకటి వీడకముందే చుక్కమ్మ లేచి చూస్తే మేస్త్రీ పక్కమీద లేడు. బడ్డీలో ఏదో పని మిగిలిందని చెప్పి వెళ్ళాడని అమ్మాయి అన్నది. ఇవాళ కూడా ఎదురుగా నిలబడలేడు ఈ మనిషి అనుకుని మనసు చివుక్కుమన్నది. అమ్మాయి లైటు బిగించి, చేతిసంచి హ్యాండిలుకు తగిలించి, "నెమ్మదిగా వెళ్ళమ్మా" అన్నది. చుక్కమ్మ ఆఖరి మెట్టుమీద కాలు ఆనించి ఎక్కింది.

ఖాళీ రోడ్డు. గాలి చల్లగా ముఖానికి తగులుతున్నది. ఎన్నో ఏళ్ళు నడిచిన వీధే గాని సైకిలు మీంచి కొత్తగా ఉంది. కొట్లన్నీ ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయా అనిపించింది. కూడలి దగ్గరికి రాగానే సిమెంటు లారీలు వరుసగా అడ్డం వచ్చాయి. బ్రేకు వేసింది, ఒరిగింది, దూకింది. లారీలు పోయాయి. ఇప్పుడు ఎక్కాలి.

చుట్టూ చూసింది. రోడ్డు ఎడమ అంచున ఒక విరిగిన సిమెంటు దిమ్మె పడి ఉంది. సరిగ్గా కాలు పెట్టేంత ఎత్తు. అదృష్టం అంటే ఇదే అనుకుని దానిమీద కాలు ఆనించి ఎక్కేసింది.

వంతెన దగ్గర దిగి నెట్టుకుంటూ పైకి వెళ్ళింది. పైన పిట్టగోడ అందనంత ఎత్తు. నాలుగడుగులు వేసేసరికి, గోడ పక్కన ఒక పాత పెయింటు డబ్బా కనిపించింది. నిండా గట్టిపడ్డ సిమెంటు. ఎవరో పని చేసుకుని వదిలేసి ఉంటారు. పారేసిన వస్తువు తనను ఆదుకున్నందుకు మనసులో దానికో దండం పెట్టుకుని ఎక్కింది.

రైలు గేటు వేసి ఉంది.

దూకి దిగింది. ఎడమ అంచున, గేటు గుంజకు పక్కనే, ఒక చెక్క పీట. చీకట్లో సైకిలు లైటు దానిమీద పడింది. పీట నిండా టంకం చుక్కలు పడి కాలిన నల్లటి మచ్చలు. ఒక కాలు విరిగితే ఇనప పట్టీ వేసి బిగించి ఉంది. ఆ పట్టీ చుక్కమ్మ పాత మూకుడు అంచు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేస్త్రీ బడ్డీలో కూర్చునే పీట అది.

గేట్‌మ్యాన్ తన గదిలోంచి తొంగి చూశాడు. "సైకిలమ్మవు నువ్వేనా? మీ ఆయన చాలాసేపటి కిందటే నడిచి వచ్చి పెట్టి వెళ్ళాడమ్మా. మా ఆవిడ వచ్చి వెళ్ళేదాకా ఎవరూ తీయకుండా చూడవా అన్నాడు. నిన్నంతా ఈ దారిలోనే తిరిగాడు. ఇక్కడ పెట్టడానికి దిమ్మె ఏదీ దొరకలేదంట. కూర్చోడానికి లేకపోతే ఎట్లా పని చేస్తావయ్యా అంటే, నేలమీద కూర్చుంటానన్నాడు."

కూడలి దగ్గరి దిమ్మె, వంతెనమీది డబ్బా, నిన్నటి చొక్కామీది మట్టి, ఇవాళ ఖాళీగా ఉన్న పక్క, అన్నీ ఒక్కసారిగా వచ్చి చుక్కమ్మ కళ్ళలో నిలబడ్డాయి. రైలు వచ్చింది. పెట్టెల వెలుగు ఆమె ముఖంమీదుగా కదిలి వెళ్ళింది. గేటు లేచాక కూడా వెంటనే పీటమీద కాలు పెట్టలేకపోయింది. వంగి చేత్తో దుమ్ము తుడిచి, చెప్పు విప్పి, అప్పుడు పాదం ఆనించింది.

"ఆలస్యమైపోతుందమ్మా" అన్నాడు గేట్‌మ్యాన్.

"పోతున్నానన్నా, పోతున్నాను" అన్నది.

లాండ్రీ చేరేసరికి సూపర్‌వైజరు గడియారం కింద నిలబడి ఉన్నాడు. "ఎట్లా వచ్చావు?"

"సైకిలుమీద."

"నీకు సైకిలు వచ్చా?"

"ఇవాళే వచ్చింది" అన్నది చుక్కమ్మ.

ఆ రోజు మొదటి విడత దుప్పట్లు సమయానికి బండెక్కాయి. పక్కన దుప్పటి రెండో అంచు పట్టుకుని మడతపెట్టే ఆమె, "ఏమిటే నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అని అడిగింది. "ఏం లేదు" అన్నది చుక్కమ్మ. మళ్ళీ నవ్వుకున్నది. సూపర్‌వైజరు ఆ రోజంతా సణగలేదు, రేపటి షిఫ్టుకు కూడా ఆమె పేరు పిలిచాడు.

పని అయ్యాక బట్టలు బండికెక్కించే అరుగుమీద కాలు పెట్టి సైకిలెక్కి బయటికి వచ్చింది. కొంత దూరం వచ్చాక గాని విషయం తట్టలేదు. తట్టగానే నడిరోడ్డుమీద పకపకా నవ్వింది. వెళ్ళేటప్పుడు ఎడమ అంచు ఒకవైపు, వచ్చేటప్పుడు ఎడమ అంచు ఇంకోవైపు. ఆయన పెట్టినవన్నీ రోడ్డుకు అవతల ఉన్నాయి. ఈ వేళప్పుడు బస్సుల్నీ లారీల్నీ దాటి ఎవరు పోతారు? పొద్దున అంతా పకడ్బందీగా చేసిన పెద్దమనిషికి, పెళ్ళాం మళ్ళీ ఇంటికి రావాలన్న సంగతి గుర్తులేదు.

సరే, గేటు దాకా తొక్కి, ఆ తర్వాత నెట్టుకుంటూ నడుద్దామనుకున్నది.

గేటు మళ్ళీ వేసి ఉంది. దూకి చూస్తే, ఇటువైపు అంచున పీట ఉంది. పీటమీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు.

"మధ్యాహ్నం అన్నం తింటుంటే తట్టింది" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా లేస్తూ. "రెండోవైపు సంగతి చూడలేదు. బడ్డీ మూసేసి బస్సెక్కి వచ్చాను."

చుక్కమ్మ దగ్గర పొద్దున్నుంచి కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. "మోచేతికి మందు రాశారా?" అన్నది.

"ఆరిపోయింది."

"ఆరడం కాదు, రాశారా అని."

"ఎక్కు, గేటు లేస్తున్నది" అన్నాడాయన.

ఆయన సీటు పట్టుకున్నాడు, ఆమె పీటమీంచి ఎక్కింది. "మీరు బస్సులో పొండి, మధ్యలో దిగాల్సి వస్తే నేను నెట్టుకుంటూ వస్తాను."

"పీటకు కూడా టికెట్టంటాడు" అన్నాడు మేస్త్రీ. "నువ్వు పో. వంతెన దగ్గర ఆగు."

ఆమె తొక్కుకుంటూ పోయి వంతెన మొదట్లో ఆగింది. దిగి నిలబడితే, కాసేపటికి జనంలోంచి పీట పట్టుకుని ఆయన వచ్చాడు. ఇద్దరూ కలిసి సైకిలు పైకి నెట్టారు. పైన పీట వేశాడు, ఆమె ఎక్కింది. దిగుడులో బ్రేకు గట్టిగా పట్టుకుని నెమ్మదిగా జారింది. వెనక్కి చూడాలని ఉన్నా చూడలేదు. చూస్తే పడుతుంది.

కూడలిలో ఎర్రలైటు పడింది. చుక్కమ్మ దిగి, రోడ్డు అంచున స్తంభానికి ఆనుకుని ఎదురుచూసింది. ఎంతసేపటికీ ఆయన రాలేదు. బస్సులు వెళ్ళాయి, స్కూలు పిల్లలు వెళ్ళారు. మెడ చాచి చూస్తే, దూరంగా పొడుగాటి మనిషి పీటను నెత్తిమీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకు దారి ఇస్తూ నడిచి వస్తున్నాడు. దగ్గరికి వచ్చేసరికి చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఊపిరి ఆడడం లేదు. అయినా పీట దించి, సైకిలు పక్కన సరిగ్గా సర్ది, అది కదలకుండా ఉందో లేదో చేత్తో నొక్కి చూశాడు.

"ఎక్కు. పచ్చలైటు పడింది."

చుక్కమ్మ ఎక్కలేదు. "ముందు మీరు కూర్చోండి."

"వెనక బండ్లు హారను కొడుతున్నాయి."

"కొట్టనివ్వండి. మనం అంచున ఉన్నాం. కూర్చోండి."

మేస్త్రీ కూర్చున్నాడు. చుక్కమ్మ ఒక చేత్తో సైకిలు పట్టుకుని, ఇంకో చేత్తో సంచిలోంచి మసిగుడ్డ తీసి ఆయన మెడ తుడిచింది. బండ్లన్నీ కదిలి వెళ్ళిపోయాయి. మళ్ళీ ఎర్రలైటు పడింది, మళ్ళీ పచ్చలైటు పడింది. వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు.